బండి ఉంది, ప్లగ్గు లేదు

నా ఎలక్ట్రిక్ స్కూటర్ ఫొటో ఇక్కడ పెట్టి ఏడు నెలలైంది. ఆ రోజు సగం మంది శుభాకాంక్షలు చెప్పారు, మిగతా సగం "పేల్తది, జాగ్రత్త అన్నా" అన్నారు. పేలలేదు. బండి మీద నాకు పెద్దగా ఫిర్యాదు కూడా లేదు. అయినా ఇప్పుడు ఎవరైనా "కొనొచ్చా?" అని అడిగితే కంపెనీ పేరు, రేంజ్ చెప్పడం మానేశాను. ముందు నేనే అడుగుతున్నా, "సొంతిల్లా, కిరాయా?" అని.

నేనుండేది హనుమకొండ నయీంనగర్‌లో, రెండో అంతస్తులో కిరాయికి. పని వరంగల్ స్టేషన్ రోడ్డులో. రానూపోనూ, మధ్యలో కూరగాయలు, పాప ట్యూషన్ అన్నీ కలిపితే రోజుకు 20 కిలోమీటర్లు. పాత బండికి నెలకు పన్నెండు వందల పెట్రోలు పోసేవాణ్ని. ఈ బండికి వంద కిలోమీటర్లకు మూడున్నర యూనిట్లు చాలు. ఆదివారాలు తీసేస్తే నెలకు 18 అవుతాయి, పోనీ 20 అనుకుందాం. ఒకటిన్నర టన్నుల ఏసీ రెండు రాత్రులు నడిస్తే అయిపోయే కరెంటు అది.

ఈ లెక్క మా ఓనర్ అంకుల్‌కు చెప్పీ చెప్పీ నోరు నొచ్చింది. పార్కింగ్‌లో ఉన్నది ఒక్కటే ప్లగ్గు, అది ఆయన మీటరు మీద ఉంది. "బోరు మోటారు కన్నా ఎక్కువ గుంజుతదట కదా బాబూ" అన్నారు మొదట. లేదంకుల్, తక్కువే అన్నాను. సరే, నెలకు 800 ఇవ్వు అన్నారు. 20 యూనిట్లకు 800! యూనిట్ 40 రూపాయలు పడ్డట్టు. పోనీ సబ్ మీటరు పెట్టిస్తా, ఎన్ని తిరిగితే అన్నింటికీ కడతా అంటే, "ఇప్పుడు నీకిస్తే రేపు అందరూ అడుగుతరు" అన్నారు. అడగనివ్వండి, అందుకేగా మీటరు!

కింది పోర్షన్ అక్క మంచిది. కిటికీలోంచి వైరు ఇవ్వమని అడిగితే ఇవ్వలేదు, ఆమెను తప్పు పట్టలేను. వాళ్లకు తెల్లరేషన్ కార్డు ఉంది, నెలకు 200 యూనిట్ల దాకా ఉచితంగా ఇచ్చే గృహజ్యోతి పథకంలో సున్నా బిల్లు వస్తుంది. మీటరు నెలకు 185, 190 దగ్గర ఆడుతుంది. నా బండి 20 కలిస్తే 200 దాటుతుంది. దాటితే పైనున్న పది యూనిట్లకు మాత్రమే కట్టి ఊరుకునేది కాదు, మొత్తం బిల్లు మీద పడుతుంది, వెయ్యి దాటుతుంది. "నీ బండికి వంద రూపాయల కరెంటు, నాకు వెయ్యి రూపాయల బిల్లు, ఎట్ల తమ్ముడూ?" అంది. నా దగ్గర జవాబు లేదు.

రెండు నెలలు మా బాల్కనీ నుంచి కిందికి ఎక్స్‌టెన్షన్ వైరు వేలాడదీశాను. చేయకూడని పని, తెలుసు. ఒక వానలో సాకెట్ దగ్గర చిటపటమంటే మా ఆవిడ వైరు పీకి అటక మీద పడేసింది. బ్యాటరీ ఊడదీసి పైకి తెచ్చుకునే బండి కూడా కాదు నాది. కొనేటప్పుడు బూట్ స్పేస్ చూసుకున్నా గానీ ఈ సంగతి చూసుకోలేదు, అది నా తెలివితక్కువతనం. కిరాయికి ఉండేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, బరువైనా సరే, బ్యాటరీ ఊడొచ్చే బండే కొనండి.

ఇక మా ఆఫీసులో ఒక సార్ ఉన్నారు. నేను హెల్మెట్ తీయగానే, "ఏం పర్యావరణం, అంతా బొగ్గు కరెంటే కదా" అంటారు. నిజమే, బొగ్గే. భూపాలపల్లి తోవలో చెల్పూర్ దగ్గర 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం ఎవరికి తెలియదు? కానీ లెక్క వేద్దాం. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. వంద కిలోమీటర్లకు రెండు లీటర్లు వేసుకున్నా నాలుగున్నర కిలోలు. మన దేశంలో యూనిట్ కరెంటుకు సగటున 0.7 కిలోలు, అంటే నా మూడున్నర యూనిట్లకు రెండున్నర కిలోలు. బొగ్గు కరెంటుతో నడిచినా దాదాపు సగం తగ్గింది. హనుమకొండ చౌరస్తాలో సిగ్నల్ పడినప్పుడు వెనక ఆగిన బండి మీద ముందు కూర్చున్న పిల్ల ముఖాన పొగ కొట్టకపోవడం వేరే లాభం. అయితే సార్ అడగని ప్రశ్న ఒకటుంది. చౌరస్తాలో తగ్గిన పొగలో కొంత చెల్పూర్ వాళ్ల నెత్తి మీదికి పోతోంది. నాకు అదే ఇబ్బందిగా ఉంటుంది, బొగ్గు జోకులు కాదు.

అందుకే రాత్రి కన్నా పగలు, సోలార్ కరెంటు వచ్చే వేళ చార్జ్ చేస్తే మేలు. పగలు బండి ఎక్కడుంటుంది? ఆఫీసు కింద, ఎండలో, ప్లగ్గు లేని గోడ పక్కన. మే నెలలో ఆ సీటు మీద దోసె పోసుకోవచ్చు.

మన తెలంగాణ రాష్ట్రం 2024 నవంబరులో ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేసింది, 2026 డిసెంబరు 31 దాకా. సంతోషం. ఇంట్లో ఉన్న కనెక్షన్‌తోనే చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాల్లో రాసుంది. ఇంకా సంతోషం. ఎవరింట్లో? కొన్న రోజు పైసలు మిగిల్చారు గానీ, రోజూ రాత్రి బండి ఎక్కడ పెట్టుకోవాలో ఎవరూ ఆలోచించలేదు. కొత్త అపార్ట్‌మెంట్లు ఎక్కడ చూసినా లేస్తున్నాయి, అనుమతి ఇచ్చేటప్పుడే పార్కింగ్‌లో ఒక్కో ఫ్లాటుకు ఒక్కో పాయింటు, దానికి ఆ ఫ్లాటు మీటరు నుంచే వైరు వేయాలని పట్టుబడితే ఎంత ఖర్చు? స్లాబ్ పడ్డాక గోడలు పగలగొడితేనే ఖర్చు.

మా పాత ఇంటికే ఎలక్ట్రీషియన్‌ను తెచ్చి చూపించాను. మా మీటరు నుంచి కిందికి పైపులో వైరు, షార్ట్ అయితే దానంతటదే పడిపోయే ఎంసీబీ స్విచ్చి, ప్లగ్గు, అన్నీ కలిపి 3,500 అన్నాడు. నేనే పెట్టుకుంటానన్నాను. "గోడకు రంధ్రం పడొద్దు బాబూ, మొన్ననే రంగులేయించిన" అన్నారు అంకుల్.

కాబట్టి ఈ రాత్రికి బండి కాజీపేటలో మా బామ్మర్ది ఇంట్లో చార్జింగ్‌లో ఉంది. నేను షేర్ ఆటోలో, డ్రైవర్ పక్కన సగం సీటు మీద వేలాడుతూ ఇంటికొచ్చాను. ఆటో డీజిలుది.