ఒంగోలు గిత్త, బ్రెజిల్ రాక్, మన పలక

బ్రెజిల్‌లో 40 లక్షల డాలర్లకు పైగా విలువ కట్టిన వయాటినా-19 ఆవు ఫొటో ఆ మధ్య మన వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేసింది. అక్కడ ఆ జాతి పేరు నెలోరె. అంటే మన నెల్లూరే. ఇక్కడ ఓడెక్కిన ఒంగోలు పశువుల సంతతి అది. మీసం మెలేశాం, మంచిదే. కానీ ఆ ఆవు ఉన్న మీనాస్ జెరాయిస్ రాష్ట్రం నుంచే మరొకటి కూడా ప్రపంచం చుట్టింది. 1984లో బెలో హొరిజాంచి నగరంలో పుట్టిన సెపల్తూరా అనే మెటల్ సంగీత బృందం అది. నాకు ఈ రెండూ ఒకే కథ, అందులో మన డప్పు కూడా ఉంది.

మెటల్ అంటే రాక్ సంగీతంలో బరువైన మోత ఉండే శాఖ. అది పుట్టింది ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో. రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, బ్లాక్ సబ్బత్ బృందం గిటారిస్టు టోనీ అయోమీ పదిహేడేళ్లకే రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ప్లాస్టిక్ సీసా కరగబెట్టి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, తర్వాత నొప్పి తగ్గడానికి గిటారు తీగల బిగువు సడలించాడు. బ్లాక్ సబ్బత్ పాటల్లోని ఆ బరువైన మోతలో ఆ కుర్రాడి నొప్పి ఉంది. అదే మోతను సెపల్తూరా అందుకుని, 1996లో వచ్చిన ‘రూట్స్’ ఆల్బమ్ కోసం బ్రెజిల్‌లోని షవాంటే ఆదివాసుల ఊరికి వెళ్లి వాళ్లతో కలిసి రికార్డు చేసింది. బయటి నుంచి వచ్చినది ఇంటి గుమ్మం దగ్గర ఆగలేదు, నేరుగా ఊరి చివరికి నడిచింది.

అసలు రాక్‌కు తల్లివేరు మిసిసిపీ పత్తిచేలలోని నల్లజాతి కూలీల బ్లూస్ పాట. బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ ఆ చేలలో ట్రాక్టర్ తోలి, 1943లో షికాగో చేరి, గిటారుకు కరెంటు తగిలించాడు. తెల్ల అమెరికా చెవిన పెట్టలేదు. లండన్ కుర్రాళ్లు పెట్టారు. 1962లో కట్టిన తమ బృందానికి ఆయన పాట నుంచే రోలింగ్ స్టోన్స్ అని పేరు తెచ్చుకున్నారు. 1965లో అమెరికా టీవీ షోకు పిలిస్తే, నల్లజాతి బ్లూస్ గాయకుడు హౌలిన్ వోల్ఫ్ కూడా పాడాలని పట్టుబట్టారు. అప్పటికి వోల్ఫ్‌కు 54 ఏళ్లు. సొంత దేశం తన గాయకుణ్ణి టీవీలో చూడడానికి సముద్రం అవతలి పిల్లలు రావాల్సి వచ్చింది! ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు మన ఊరే గుర్తొస్తుంది.

ఇదంతా పాశ్చాత్య గోల, మన సంగీతం పాడైపోతుందని పెద్దవాళ్లు కొందరు అంటారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కానీ మన పద్యనాటకాన్ని మోసిన హార్మోనియం ఫ్రాన్స్‌ది. కర్ణాటక కచేరీలో పక్కన కూర్చునే వయొలిన్ యూరప్‌ది. వాటితో మన రాగం చెడలేదు.

మనల్ని చెడగొట్టింది బయటి వాద్యం కాదు. సొంత వాద్యాన్ని ఊరి బయట పెట్టడం. డప్పును మన పక్క పలక అంటాం. పోయిన మాఘమాసంలో నెల్లూరు పొదలకూరు రోడ్డులో ఒక పెళ్లికి వెళ్లాను. మండపం గేటు అవతల ఓ పెద్దాయన ఎండుగడ్డి మంట మీద పలక కాచుకుంటున్నాడు. అంచు తిప్పుతూ, గోటితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ‘‘ఇంకా పలకలా సార్, రెండు నిమిషాలు’’ అన్నాడు. చిర్ర ఒక చేత, సన్నపుల్ల ఒక చేత పట్టి ఆయన దరువు ఎత్తుకున్నాడో లేదో, లోపల డీజే బాక్సులు మొదలయ్యాయి. ఆయన మంట ఆర్పేసి గోడవార కూర్చున్నాడు. లోపలికి రమ్మన్నవాళ్లు లేరు. చావుకు, జాతరకు పనికొచ్చే చేతులు స్టేజీకి పనికిరావనే ఈ లెక్క సంగీతానిది కాదు, కులానిది. అమెరికాలో బ్లూస్‌ను అంటరానిదిగా చూసిన లెక్కా ఇదే.

ఒంగోలు గిత్త విలువ బ్రెజిల్ చెబితే గాని మన తలకెక్కలేదు. పలక విషయంలోనూ అలాగే ఎవరో వచ్చి చెప్పేదాకా ఆగుదామా? నెల్లూరు, ఒంగోలు కాలేజీల్లో బ్యాండ్లు కడుతున్న పిల్లలను నేను అడిగేది ఇదీ: డ్రమ్స్ పక్కన పలకకు ఒక మైకు పెట్టండి. వాయించే మనిషికి గిటారిస్టుతో సమానంగా డబ్బివ్వండి, పోస్టర్ మీద పేరు వేయండి. స్టేజీ వెనక కాస్త చోటు కూడా చూడండి, పలక కాచుకోవడానికి మంట వేసుకోవాలి.