మంచాన పడితేనే జబ్బా? సోరియాసిస్ ఖర్చు లెక్క

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. వేళ్లతో సహా మన అరచెయ్యి ఒంటి చర్మంలో దాదాపు ఒక శాతం. చూపుడువేలి చివరి కణుపు పొడవునా పిండిన ఆయింట్‌మెంట్ అర గ్రాము తూగుతుంది, రెండు అరచేతులంత మేర రాయడానికి సరిపోతుంది. మోచేతులు, మోకాళ్లు, వీపు కలిపి పది శాతం చర్మం మీద సోరియాసిస్ (చర్మం ఎర్రబడి పొట్టు రాలే జబ్బు) ఉందనుకోండి. పూటకు రెండున్నర గ్రాములు, రెండు పూటలా రాస్తే రోజుకు ఐదు. 30 గ్రాముల ట్యూబు ఆరు రోజుల్లో ఖాళీ. నెలకు ఐదు ట్యూబులన్నమాట. మామూలు స్టెరాయిడ్ క్రీమైతే ఎలాగోలా సర్దుకోవచ్చు గానీ, కాల్సిపొట్రయాల్ అనే విటమిన్ డి తరహా మందు కలిసినదైతే ఒక్కో ట్యూబు ధరే వందల్లో ఉంటుంది. అందుకే చాలామంది ఒకే ట్యూబును నెలంతా రాసీ రాయనట్టు సరిపెట్టుకుని, మందు పనిచేయలేదని డాక్టరు దగ్గర వాపోతారు. పనిచేసేంత మందు ఒంటికి అసలు అందనే లేదు.

ఇది అంటువ్యాధి కాదు, పూర్తిగా నయమయ్యేదీ కాదు. రోగనిరోధక వ్యవస్థ దారి తప్పడం వల్ల వచ్చి, తగ్గుతూ పెరుగుతూ జీవితాంతం ఉండే జబ్బు. ప్రపంచ ఆరోగ్య సభ 2014లోనే తీర్మానం చేసి మరీ దీన్ని నొప్పితో కూడిన, మనిషిని అశక్తుణ్ణి చేసే దీర్ఘకాలిక వ్యాధిగా గుర్తించింది. మన దగ్గర మాత్రం ఇప్పటికీ ‘ఏదో చర్మం గొడవ’ కిందే లెక్క.

చిత్రమేమిటంటే జబ్బు ముదిరినప్పుడు డాక్టర్లు ఎక్కువగా రాసే, రోగనిరోధక వ్యవస్థను అదుపుచేసే మెథోట్రెక్సేట్ మాత్ర చాలా చవక. జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది. వారానికి ఒక్కసారే వేసుకోవాలి, ఆ మోతాదు ఖర్చు ఓ కాఫీ ఖర్చుకు అటూఇటూగా ఉంటుంది. అసలు ఖర్చు దాని వెనకాల వస్తుంది. మాత్ర లివర్‌నీ రక్త కణాల్నీ దెబ్బతీయవచ్చు కాబట్టి లివర్ పరీక్ష, రక్త కణాల పరీక్ష, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష మొదట్లో కొన్ని వారాలకోసారి, తర్వాత రెండు మూడు నెలలకోసారి చేయిస్తూ ఉండాలి. ఆపైన డాక్టరు ఫీజు. మాత్ర కొనగలిగినవాడు కూడా పరీక్షల దగ్గర ఆగిపోతాడు. కొందరు పరీక్షలు మానేసి మాత్ర మింగుతూనే ఉంటారు, ఇంకా ప్రమాదం.

గర్భం కోసం చూస్తున్న స్త్రీలకు ఈ మాత్ర ఇవ్వకూడదు. వాళ్లకు ఎక్కువగా చెప్పేది కాంతి చికిత్స. ప్రత్యేకమైన అతినీలలోహిత కాంతి కింద నిలబడాల్సింది కొద్ది నిమిషాలే, కానీ వారానికి రెండు మూడుసార్లు చొప్పున కొన్ని నెలలు తిరగాలి. యంత్రం ఉండేది పెద్ద ఊళ్లలో. పాడేరు నుంచి విశాఖ కేజీహెచ్‌కు, అచ్చంపేట నుంచి హైదరాబాద్ ఉస్మానియాకు వచ్చి వెళ్లేసరికి ఒక రోజు పోతుంది. ఆడవాళ్లకు ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు, నిజమే. పోయిన కూలి ఎవరిస్తారు?

ఇక ఇన్సూరెన్స్. మామూలు పాలసీ కదలాలంటే కనీసం 24 గంటలు ఆస్పత్రిలో చేరాలి. సోరియాసిస్ వైద్యమంతా ఓపీలోనే జరుగుతుంది. ఓపీ ఖర్చులిచ్చే పాలసీలున్నా ప్రీమియం ఎక్కువ, పరిమితి తక్కువ. పాలసీకి ముందే ఉన్న జబ్బుకు నిరీక్షణ గడువును 2024లో గరిష్ఠంగా మూడేళ్లకు తగ్గించారు, కానీ మంచమే ఎక్కనివాడికి గడువు తగ్గి ఏం లాభం? ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది పెద్ద ఆస్పత్రి ఖర్చుల నుంచి పేదల్ని కాపాడటానికి. ఆ పని చేసింది కూడా. తెలంగాణలో పరిమితి పది లక్షలకు పెంచారు. పరిమితి ఎంత పెంచినా నెలనెలా ట్యూబులకూ పరీక్షలకూ అందులో చోటు లేదు. ఆదాయపు పన్ను పాత విధానంలో కొన్ని తీవ్ర జబ్బుల వైద్య ఖర్చుకు మినహాయింపు ఇచ్చే జాబితాలో క్యాన్సర్, కిడ్నీ వైఫల్యం, హీమోఫీలియా ఉన్నాయి. సోరియాసిస్ లేదు.

దీని ఫలితం వింతగా ఉంటుంది. డబ్బుల్లేక వైద్యం ఆపేసినవాడు ఆర్‌ఎంపీ దగ్గరకు వెళ్లి స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించుకుంటాడు. వారంలో ఒళ్లు నున్నగా అవుతుంది. అది ఆపగానే జబ్బు రెట్టింపై విరుచుకుపడుతుంది. కొందరికి ఒళ్లంతా ఎర్రబడి, పొట్టు రాలి, చలితో వణికిపోయే స్థితి వస్తుంది. అప్పుడు ఆస్పత్రిలో చేర్చాల్సిందే. అప్పుడే ఆరోగ్యశ్రీ కార్డుకీ పాలసీకీ పని పడుతుంది. ముదరకుండా ఆపే ఖర్చు రోగిది, ముదిరాక ఖర్చు వ్యవస్థది. (ఏడాది ప్యాకేజీ డబ్బు ముందే కట్టించుకుని ‘శాశ్వత పరిష్కారం’ అమ్మేవాళ్ల సంగతి వేరే రాయాలి.)

జీవకణాల్లో తయారుచేసే ఖరీదైన బయోలాజిక్ ఇంజెక్షన్ల గురించి కూడా చెప్పాలి. వాటిలో ఒకటైన అడాలిముమాబ్‌కు ప్రపంచంలోనే తొలి బయోసిమిలర్‌ను (మూల మందును పోలిన చవక రూపాన్ని) 2014లో మన జైడస్ కంపెనీయే తెచ్చింది, ఒక్కో వయల్ సుమారు 200 డాలర్లకు. మూల మందుతో పోలిస్తే అది చాలా తక్కువే, కానీ రెండు వారాలకోసారి వేయించుకోవాలి కదా. మొదలుపెట్టే ముందు టీబీ పరీక్షలు అదనం. నెలకు ముప్పై వేలు జీతమొచ్చే ఇంట్లో దీని గురించి చర్చే ఉండదు. ఇవి అందరికీ ఉచితంగా ఇవ్వాలని నేననను, ఖజానాకు అంత శక్తి లేదు.

చవకైనవాటి దగ్గర మొదలుపెట్టవచ్చు. బీపీ, షుగర్ మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తున్నారు. తెలంగాణ డయాగ్నస్టిక్స్ 2018 నుంచి బస్తీ దవాఖానాల్లోనూ పీహెచ్‌సీల్లోనూ తీసిన రక్తాన్ని ఉచితంగా పరీక్షిస్తోంది, లివర్ పరీక్ష సహా. మాత్ర ఉంది, పరీక్ష ఉంది, రెండింటినీ కలిపి సోరియాసిస్ రోగికి అందించే ఏర్పాటే లేదు. చికిత్స బోధనాసుపత్రిలోని చర్మ డాక్టరు మొదలుపెట్టాలి. ఆపైన నెలనెలా మాత్రలు, రక్త పరీక్ష ఊళ్లోని కేంద్రంలోనే జరగాలి. ఆర్నెల్లకోసారి మళ్లీ పెద్ద డాక్టరు చూస్తే చాలు. మెథోట్రెక్సేట్‌ను పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుందన్న భయం సహేతుకమే. అందుకే ఒకేసారి నాలుగు వారాల మాత్రలే, వారానికో పొట్లం కట్టి, దాని మీద ‘ఆదివారం మాత్రమే’ అని తెలుగులో పెద్దగా రాసి ఇవ్వాలి.