సోమవారం రెండో పీరియడ్‌లో ఏం జరగాలి?

ఏటా జూన్ 12న బడులు తెరిచే వేళకు పాఠ్యపుస్తకాలు కొన్నిచోట్ల ఆలస్యమైనా, లక్ష్యాలు మాత్రం ఆలస్యం కావు. కృత్యాధార బోధన, డిజిటల్ పాఠాలు, పుస్తకాల సంచి లేని శనివారం, స్థాయిని బట్టి బోధన అంటూ ఒకదాని వెనుక ఒకటిగా ప్రధానోపాధ్యాయుల ఫోన్లకు చేరుతూనే ఉంటాయి. వీటిలో తప్పుపట్టవలసింది ఏదీ లేదు. మా అభ్యంతరమల్లా ఒక్కటే: ఆ ఉత్తర్వుల్లో ఏం సాధించాలో ఉంటుంది గాని, సోమవారం రెండో పీరియడ్‌లో ఏ ఉపాధ్యాయుడు ఏం చేయాలో, అందుకోసం అప్పటిదాకా చేస్తున్న ఏ పనిని ఆపవచ్చో ఉండదు.

ఈ లక్ష్యాలు కొత్తవి కూడా కావు. పిల్లలు చేసి నేర్చుకోవాలి, జట్లుగా పనిచేయాలి, చుట్టుపక్కల పరిసరాలే పాఠం కావాలి, వాళ్ల బొమ్మలూ రాతలూ తరగతి గోడల మీద కనిపించాలి అని 1980లలో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం చెప్పింది. ఆ సూత్రాలను ఇప్పటి సర్క్యులర్‌లో అతికిస్తే పాతవని ఎవరూ పోల్చుకోలేరు. నాలుగు దశాబ్దాల తర్వాత కూడా అదే మాటను కొత్త మాటగా చెప్పవలసి వస్తోందంటే, మాటకూ తరగతి గదికీ మధ్య దారి వేయడం ఎవరి పనో ఇంతవరకూ తేలలేదన్నమాట.

2021 జులైలో కేంద్రం ప్రారంభించిన నిపుణ్ భారత్‌నే చూద్దాం. 2026-27 నాటికి ప్రతి బిడ్డా మూడో తరగతి ముగిసేసరికి అర్థం చేసుకుంటూ చదవగలగాలి, చిన్న లెక్కలు చేయగలగాలి అన్నది దాని సంకల్పం. నిమిషానికి కనీసం 60 పదాలు అన్నది మూడో తరగతికి దాని కొలత. (‘వెళ్లలేకపోయినందువల్ల’ అన్నదంతా ఒకే పదమయ్యే తెలుగులో 60 పదాలూ, హిందీలో 60 పదాలూ ఒకటి కావని మన భాషోపాధ్యాయులు ఇంకాస్త గట్టిగా చెప్పవలసి ఉంది.) ఈ లక్ష్యాన్ని విశాఖ తీరంలోని ఒక జాలరిపేటలో ఇద్దరు ఉపాధ్యాయులు ఐదు తరగతులను నెట్టుకొస్తున్న బడికి తీసుకువెళ్లండి. మూడో తరగతిలోనే గుణింతాలు రానివారు, కూడబలుక్కునేవారు, గడగడా చదివేవారు పక్కపక్కనే కూర్చుంటారు. సిలబస్ పూర్తి చేయాలా, వెనుకబడిన ఆరుగురి దగ్గర కూర్చోవాలా అన్న ప్రశ్న ఆ పంతులమ్మకు ప్రతి ఉదయం ఎదురవుతుంది. ఉత్తర్వు రెండూ చేయమంటుంది, గడియారం ఒప్పుకోదు. తనిఖీకి వచ్చేవారు అడిగేది సిలబస్ గురించే గనుక, ఆమె ఏది ఎంచుకుంటుందో వేరే చెప్పనక్కరలేదు.

ఈ చిక్కుముడి ఎలా విడుతుందో చూపిన అనుభవం మన దేశంలోనే ఉంది. ప్రథమ్ సంస్థ రూపొందించిన స్థాయికి తగిన బోధనను, తర్వాత 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లోల బృందం పలు రాష్ట్రాల్లో పరీక్షించింది. బిహార్‌లో ఉపాధ్యాయులకు సామగ్రి, శిక్షణ ఇచ్చి ఊరుకున్నచోట చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. అదే రాష్ట్రంలో వేసవి శిబిరాల్లో, సిలబస్ బరువు లేనప్పుడు, ప్రభుత్వ ఉపాధ్యాయులే పిల్లలతో చదివించగలిగారు. అంటే లోపం ఉపాధ్యాయుడి చేతకానితనం కాదు. 2012-13లో హర్యానాలో ఈ పాఠం నేర్చుకునే అడుగు వేశారు. బడివేళకు అదనంగా ఒక గంట చేర్చి, ఆ గంటకు తరగతులను పక్కనపెట్టి చదివే స్థాయిని బట్టి పిల్లలను జట్లు కట్టారు. పర్యవేక్షించవలసిన మండల స్థాయి సిబ్బంది ముందుగా తామే కొన్ని రోజుల పాటు పిల్లలకు పాఠం చెప్పి, ఆ తర్వాతే ఉపాధ్యాయులకు నేర్పారు. పిల్లలు హిందీ చదవడం మెరుగుపడింది; లెక్కల్లో మాత్రం ఆ ఫలితం రాలేదు, కార్యక్రమం గురి కూడా హిందీ మీదే ఉంది. ఒక గంటా, తాను చేసి చూపగల పర్యవేక్షకుడూ ఉంటే ఏమవుతుందో ఆ అనుభవం చెబుతోంది.

విశాఖపట్నం జిల్లాకు ఇందుకు కావలసిన యంత్రాంగం ఉంది. భీమునిపట్నంలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే జిల్లా సంస్థ, డైట్ ఉంది. 1960లలో కొఠారీ విద్యా కమిషన్ ఊహించిన స్కూల్ కాంప్లెక్సుల (చుట్టుపక్కల బడుల జట్ల) సమావేశాలు ఇక్కడా జరుగుతున్నాయి. ఆ సమావేశాల్లో పూట గడిచేది స్లైడ్లు చూడడంతోనూ నివేదికలు అప్పగించడంతోనూ అయితే ఉపయోగం లేదు. ఏదో ఒక బడిలో నిజమైన పిల్లలతో, నిజమైన రణగొణధ్వనిలో పాఠం జరగాలి. డైట్ అధ్యాపకులు, మండల విద్యాధికారులు (ఎంఈవోలు) కూడా వంతుల వారీగా ఆ పాఠం చెప్పాలి. చూసినవారు తిరిగి వెళ్లేముందు ఒక్క వాక్యం రాసుకుంటే చాలు: హాజరు పిలవడం అయిపోగానే మొదటి బెంచీలోని నలుగురితో పది నిమిషాలు చదివిస్తాను. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తామో ముందే ఇలా ముడివేసుకున్న సంకల్పాలు నెరవేరే అవకాశం ఎక్కువని మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు 1990లలోనే చూపాయి. గదిలో బిగించిన డిజిటల్ ప్యానెల్‌కూ ఇదే వర్తిస్తుంది. దాన్ని వాడండి అనడం వేరు, భిన్నాల పాఠంలో మొదటి ఎనిమిది నిమిషాలు వాడి తర్వాత కట్టేయండి అనడం వేరు.

ఇక ఎవరూ ఎత్తడానికి ఇష్టపడని విషయం, ఏది మానేయాలన్నది. విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు కనీసమని నిర్దేశించింది. రోజుకు సగటున నాలుగు గంటలు. అందులోంచి ఒక గంట చదివించడానికి కేటాయించడమంటే నాలుగో వంతు సమయం. బడివేళను పెంచే ఉద్దేశం లేకపోతే ఏ పాఠాలు తగ్గుతాయో విద్యాశాఖే సంతకం పెట్టి చెప్పాలి గాని, ఆ భారాన్ని ఉపాధ్యాయుడి మీదకు నెట్టి తర్వాత సంజాయిషీ అడగరాదు. జనగణన, విపత్తులు, ఎన్నికలు తప్ప ఇతర పనులు ఉపాధ్యాయులకు అప్పగించరాదని అదే చట్టంలోని 27వ సెక్షన్ చెబుతోంది. ఫొటోలు తీసి యాప్‌లలో ఎక్కించడం ఆ మూడింటిలో ఏ కోవలోకి వస్తుందో మాకు తెలియదు.

జిల్లా విద్యాశాఖ వచ్చే కాంప్లెక్స్ సమావేశానికి కొత్త లక్ష్యమేదీ పంపకుండా, ఈ ఏడాది ఉపాధ్యాయులు చేయనక్కరలేని పనుల జాబితాను ఒక్క పేజీలో పంపాలని మేము కోరుతున్నాం. ఆ పేజీలో మొదటి పంక్తి, బడివేళల్లో ఫొటోల అప్‌లోడు రద్దు అన్నదైతే ఇంకా మంచిది.