రంపం చైన్ కొనడం ఇంత కష్టమా!

గాలివానకు తోటలో రెండు మామిడి చెట్లు పడ్డాయి. రంపం మిషన్ తీస్తే చైన్ పళ్లు అరిగిపోయి, చెక్కపొట్టు బదులు పిండి రాలుతోంది. కొత్త చైన్ కోసం షాపుకెళ్తే ఒకటే ప్రశ్న: "ఎన్ని ఇంచులు సార్?" 18 అన్నాను, ఇచ్చేశాడు. ఇంటికొచ్చి చూస్తే బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడవాటి పట్టీ) గాడిలోకి దిగదే! పొడవొక్కటే చాలదట. పిచ్ (లింకుల మధ్య దూరం) .325 ఇంచులా, 3/8 ఇంచులా, గాడి వెడల్పు .050 ఇంచులా, .058 ఇంచులా, గాడిలో కూర్చునే డ్రైవ్ లింకులెన్ని, అన్నీ కలవాలి. పాత చైన్ ఒళ్లో పెట్టుకుని ఆ లింకులు లెక్కపెట్టాను, 72. ఈ కొలతలన్నీ మామూలుగా బార్ మీదే ఉంటాయట. నా బార్ మీద మాత్రం ఆయిలూ మసీ తప్ప ఏమీ కనబడవు. మార్చమంటే "ప్యాకెట్ చింపేశారుగా" అంటాడు. చింపకుండా ఎలా బిగించి చూడాలి నాయనా? ఇద్దరు కూలీలు గట్టు మీద కూర్చుని రెండోసారి టీ తాగుతున్నారు, నా ఖర్చుతోనే.