మహారాజశ్రీ కార్డిసెప్స్ బూజు గారికి

మహారాజశ్రీ కార్డిసెప్స్ శిలీంధ్రం గారి సమక్షమునకు,

ఉభయకుశలోపరి. నిజానికి మీకు రాసే ఉత్తరంలో ఈ మాట వాడకూడదేమో. కనీసం సీరియల్లో, మీరు కుశలంగా ఉంటే మేముండం. అయినా చిన్నప్పుడు ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలని నేర్పించారు కాబట్టి కానిస్తున్నాను.

మీరు మనుషుల ఒంట్లో దూరి ప్రపంచాన్ని ముంచేసే ‘ద లాస్ట్ ఆఫ్ అస్’ సిరీస్ నేను చూసినవాణ్ణి. అంతకుముందు ఆడినవాణ్ణి కూడా. 2013లో నాటీ డాగ్ వాళ్ల గేమ్ వచ్చినప్పుడు నా దగ్గర ప్లేస్టేషన్ లేదు. స్నేహితుడి గదికి వెళ్లి, వాడు పడుకున్నాక, సౌండ్ తగ్గించుకుని ఆడేవాణ్ణి. ఇంటర్లో బైపీసీ చదివి కూడా మీ పేరు మొదటిసారి విన్నది అక్కడే. 2023 జనవరిలో హెచ్‌బీఓ దాన్ని సిరీస్‌గా తెచ్చాక, సోమవారం పొద్దున ఆఫీసుకి లాగిన్ అయ్యేలోపే చూసేసేవాణ్ణి. ఇంత దగ్గరగా గమనించినవాడిగా చెప్తున్నాను, మీకు జరిగినంత అన్యాయం జూనియర్ ఆర్టిస్టులకు కూడా జరగదు.

కథంతా మీ వల్లే అంటారు. ప్రపంచం మీ వల్లే మునిగిందంటారు. తీరా లెక్క తీస్తే ఏముంది? (ఇంకా చూడనివాళ్లు ఇక్కడ ఆగిపోవచ్చు. మేం ఇన్నాళ్లు నోరు మూసుకున్నాం, ఇంక మా వల్ల కాదు.) హీరో జోయెల్ కూతురు శారా మీ చేతిలో పోలేదు, సైనికుడి తూటాకి పోయింది. మూడో ఎపిసోడ్ గంటకు పైగానే ఉంది కదా, అందులో బిల్, ఫ్రాంక్ అనే ఇద్దరు మగవాళ్లు ముసలివాళ్లయ్యేదాకా ప్రేమించుకుని, తామే అనుకుని లోకం విడిచి వెళ్లిపోయారు. మీవాళ్లు అలా మెరిసి ఇలా మాయమయ్యారు. స్ట్రాబెర్రీ మడికి ఇచ్చిన మర్యాద కూడా మీకివ్వలేదు. డేవిడ్ అనే పెద్దమనిషి ప్రార్థనలు చేయిస్తూనే మనుషుల మాంసం వండించాడు. చివరికి మీకు విరుగుడు కనిపెడదామనుకున్న డాక్టర్ని చంపింది ఎవరు? మీరా? హీరో! మీ పని కూడా వాళ్లే చేసుకుపోతుంటే మీరు గోడకి అంటుకుని చూస్తూ ఉండిపోయారు.

దానికి తోడు మీ ఆస్తి కూడా లాగేసుకున్నారు. గేమ్‌లో మీరు గాలిలో తేలేవారు. చీకటి సెల్లార్‌లోకి దిగగానే విత్తనాల్లాంటి మీ సిద్ధబీజాలు పసుపు పొడిలా ఎగురుతుంటే, జోయెల్ మాస్క్ తీసి ముఖానికి తగిలించుకునేవాడు. ఆ మాస్క్‌లోంచి వచ్చే ఊపిరి చప్పుడు నాకింకా గుర్తే. సిరీస్‌లో దాన్ని పీకేసి మీకు తీగల్లాంటి తంతువులు ఇచ్చి సరిపెట్టారు. అందరూ మాస్కులు వేసుకుంటే జోయెల్ వేషం వేసిన పెద్రో పాస్కల్ ముఖం ఎవరికి కనిపిస్తుంది చెప్పండి! ఆయన అప్పటికే ఇంకో సిరీస్ దాదాపు మొత్తం హెల్మెట్ తియ్యకుండా లాగించి ఉన్నాడు, పాపం.

పోనీ ఆ తంతువులన్నా బాగున్నాయా అంటే, బాగున్నాయి, ఒప్పుకుంటాను. ఇక్కడ ఒకదాన్ని తొక్కితే ఎక్కడో దూరాన పడుకున్న గుంపంతా లేచి పరుగెత్తుకొస్తుంది. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పార్కింగ్ మాట ఎత్తినా అంతే.

ఇక మీ రాక పిండి బస్తాల్లోంచి. 1968 నాటి టీవీ చర్చలో ఒక శాస్త్రవేత్త, ఒంటి వేడి తట్టుకోలేకే శిలీంధ్రాలు మనిషి జోలికి రావడం లేదని, భూమి కాస్త వేడెక్కితే వస్తాయని చెప్పాడు. నవ్వబోయిన ప్రేక్షకులు ఆగిపోయారు. తర్వాత 2003, జకార్తా. పిండి మిల్లులో పనిచేసే ఒకామెను ఎవరో కరిచారట. శిలీంధ్రాల ప్రొఫెసర్‌ని హోటల్లో భోంచేస్తుండగా లేపుకొచ్చి, ఏం చెయ్యమంటారని అడిగితే ఆవిడ టీ కప్పు వణుకుతుండగా, ఊరి మీద బాంబులెయ్యమంది. అటు టెక్సస్‌లో జోయెల్ ఇంట్లో ఆ పొద్దున పాన్‌కేక్ పిండి అయిపోయింది. సాయంత్రం తన పుట్టినరోజు కేక్ తేవడం కూడా మర్చిపోయాడు. వెచ్చాలు తేవడం మర్చిపోయినందుకు ప్రాణాలు దక్కిన మగాణ్ణి నేను చూడటం అదే మొదలు. మా ఇంట్లో ఇది ఇంకా పనిచేయలేదు.

ఆ భాగం చూస్తున్నప్పుడే మా అమ్మ హాల్లోకి వచ్చింది. టీవీలో మీ క్లికర్ ఒకటి, తల పుట్టగొడుగులా విచ్చుకుపోయి, కళ్లు లేక నోటితో ‘టక టక టక’మంటూ దారి వెతుక్కుంటోంది. నేను భయంతో దిండు పట్టుకుని కూర్చున్నాను. అమ్మ చటుక్కున ఆగి, వేలితో బల్ల మీద మూడుసార్లు కొట్టి, “కృష్ణ కృష్ణ, బల్లి ఏ దిక్కున పలికిందిరా?” అంది.

“బల్లి కాదమ్మా, టీవీ.”

“వీడికేమైంది?”

“పిండిలో బూజు చేరింది. బ్రెడ్డూ కేకులూ తిన్నవాళ్లంతా ఇలా అయిపోయారు.”

“మైదా తినొద్దురా అని నేను మొత్తుకుంటే విన్నావా?” అనేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. అంతే. ఇరవై ఏళ్ల ప్రళయం, లక్షల డాలర్ల మేకప్, మా అమ్మ దగ్గర నాలుగు సెకన్లు.

నాకు కోపం ఎందుకంటే, తెర బయట మీ అసలు పనితనం దీనికంటే ఘనమైంది. మీ వంశంలో ఒకరు అడవి చీమల ఒంట్లో దూరతారు కదా. ఆ చీమ గూడు వదిలేసి, నేలకు 25 సెంటీమీటర్ల ఎత్తుకి, అంటే ఓ జానెడు పైకి పాకి, ఆకు అడుగున ఈనె పట్టుకుని కొరుకుతుంది. ఇక వదలదు. అలాగే చస్తుంది. తర్వాత తల చీల్చుకుని మీ కాడ లేస్తుంది. 2017లో శాస్త్రవేత్తలు అలాంటి చీమల్ని పొరలు పొరలుగా కోసి చూస్తే, మీరు ఒంట్లో కండలన్నీ చుట్టేసి మెదడుని మాత్రం ముట్టుకోలేదట. అంటే బుర్ర చీమదే, కాళ్లు మీవి. ఇంత సూక్ష్మమైన పనివాళ్లని తీసుకొచ్చి గుంపులో అరుస్తూ పరుగెత్తే వేషం ఇచ్చారు.

ఇంకో శాఖవారి గతి మరీ ఘోరం. హిమాలయాల్లో గొంగళిపురుగు తలమీద మొలిచే మిమ్మల్ని ఉత్తరాఖండ్‌లో కీడా జడీ అంటారు, నేపాల్‌లో యార్సాగుంబా. మంచు కరగ్గానే ఊళ్లకి ఊళ్లు కొండెక్కి, గడ్డిలో పొట్టమీద పాకుతూ మిమ్మల్ని ఏరుకుంటాయి. సత్తువకి మంచిదని కొనేవాళ్లు వేలకి వేలు పోస్తారు. సీరియల్లో మీరు మమ్మల్ని తింటారు. బయట మేం మిమ్మల్ని మాత్రల్లో దట్టించి, భోజనం తర్వాత రెండు పూటలా వేసుకుంటున్నాం.

2025 ఏప్రిల్లో రెండో సీజన్ వచ్చింది. ఏడే ఎపిసోడ్లు. రెండో దాంట్లో ఎట్టకేలకు మీకు పెద్ద సీన్ పడింది. గేమ్‌లో లేని దండయాత్ర, మంచులో మీవాళ్లు గుట్టలు గుట్టలుగా జాక్సన్ ఊరి గోడ మీద పడటం. ఈసారి మీ రోజే అనుకున్నాను. సరిగ్గా అదే ఎపిసోడ్లో, ఊరవతల ఓ ఇంట్లో, ఆబీ అనే అమ్మాయి గోల్ఫ్ కర్రతో జోయెల్‌ని కొట్టి చంపింది. మర్నాడు మీ దండయాత్ర గురించి మాట్లాడినవాళ్లు ఒక్కరు లేరు. తర్వాత సియాటిల్ ఆసుపత్రి కింద మీ సిద్ధబీజాలు మీకు తిరిగిచ్చారు. కంటితుడుపు.

జోయెల్ పోయినరోజు నేనిక ఈ సిరీస్ చూడనని ఇంట్లో అందరి ముందూ ఒట్టేశాను. బుర్ర కూడా వద్దనే అంది. తర్వాతి సోమవారం పొద్దున చూస్తే నా చేతిలో రిమోట్ ఉంది.

ఇంతే సంగతులు. చిత్తగించవలెను.

ఇట్లు,
మీ కాళ్లూ చేతులూ అయిన ఒక ప్రేక్షకుడు

తా.క.: మొన్న ఆవకాయ జాడీ మూత తీస్తే పైన తెల్లగా మీ బంధువులెవరో కనిపించారు. అమ్మ ప్రొఫెసర్లనెవర్నీ పిలవలేదు. పొడి గరిటెతో ఆ పొర తీసి పారబోసి, నూనె కాచి చల్లార్చి పోసి, “తడిచెయ్యి పెట్టిందెవరు?” అని నా వైపు చూసింది.