జాస్పర్ ప్లీడరు, మాంట్‌గోమరీ జడ్జి

అమెరికా జడ్జి ఫ్రాంక్ ఎం. జాన్సన్‌ను ఉద్యమాల జడ్జి, అంటే నల్లజాతి హక్కుల ఉద్యమం పక్షం వహించినవాడు అని పొగిడేవాళ్లున్నారు, అదే మాటతో తిట్టేవాళ్లూ ఉన్నారు. ఇద్దరి లెక్కా సరికాదని మా అభిప్రాయం.

ఆయన 1918లో అమెరికాలోని ఉత్తర అలబామాలో, విన్‌స్టన్ కౌంటీలో పుట్టారు. చిన్న రైతుల కొండప్రాంతం అది. అమెరికా అంతర్యుద్ధం ముందు రాష్ట్రం దేశం నుంచి విడిపోతానంటే వద్దన్న కౌంటీ. రెండో ప్రపంచయుద్ధంలో గాయపడి తిరిగొచ్చి, జాస్పర్ అనే చిన్న పట్నంలో ప్రాక్టీసు పెట్టుకున్నారు. 1955లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆయన్ని అలబామా రాజధాని మాంట్‌గోమరీలో ఫెడరల్ (కేంద్ర) కోర్టు జడ్జిగా నియమించారు. అప్పటికి నలభై కూడా నిండలేదు. మరుసటి ఏడాదే అక్కడి సిటీ బస్సుల్లో వర్ణవివక్ష చెల్లదని ముగ్గురు జడ్జిల ధర్మాసనం 2-1తో తేల్చింది. ఆ ఇద్దరిలో ఒకరు జాన్సన్.

అయితే అలబామాలోని టస్కీగీ పట్టణం కేసు సంగతేంటి? నల్లజాతి ఓటర్లను ఊరి బయటికి నెట్టడానికి అక్కడి సరిహద్దును 28 భుజాల ఆకారంగా మార్చారు. దాన్ని సవాలు చేస్తే, పాత తీర్పులకు కట్టుబడి కేసు కొట్టేసింది జాన్సనే. 1960లో సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని తిరగదోడింది. 1965లో నల్లజాతి వారి ఓటు హక్కు కోసం సెల్మా నుంచి మాంట్‌గోమరీకి తలపెట్టిన యాత్రకు కూడా మొదట బ్రేకు వేశారు. రోజుల తరబడి సాక్ష్యం విన్నాకే మార్చి 17న అనుమతిచ్చారు. జరిగిన అన్యాయం ఎంత పెద్దదైతే నిరసన హక్కూ అంత విస్తృతంగా ఉండాలన్నారు. అదే చేత్తో, రెండు లైన్ల రోడ్డు మీద 300 మందికి మించి నడవకూడదని షరతూ పెట్టారు. ఉద్యమకారుడు అలా లెక్కలు కట్టడు.

వర్ణవివక్షను సమర్థించిన అలబామా నాయకుడు జార్జ్ వాలెస్ ఆయనకు లా కాలేజీ సహాధ్యాయి. కేంద్ర పౌరహక్కుల కమిషన్‌కు ఓటర్ల రికార్డులు ఇచ్చేది లేదని జిల్లా స్థాయి జడ్జిగా ఉన్న వాలెస్ బయట గర్జించి, గ్రాండ్ జ్యూరీ (నేరారోపణలు పరిశీలించే పౌరుల బృందం) ద్వారా గుట్టుగా అందేలా చూశారు. ధిక్కార కేసులో జాన్సన్ ఆయన్ని జైలుకు పంపలేదు. రికార్డులు చేరాయి కాబట్టి ధిక్కారం లేదని 1959లో తీర్పులో రాసేశారు. వీరుడిలా జైలుకెళ్దామనుకున్న నాయకుడికి అంతకన్నా శిక్ష ఏముంటుంది? తర్వాత గవర్నరయ్యాక కూడా వాలెస్ ఆయన్ని తిట్టడం మానలేదు.

ఫెడరల్ జడ్జి పదవి జీవితకాలం. అభిశంసన తప్ప దాన్ని లాక్కునే దారి లేదు. ఆ రక్షణ కోర్టు గుమ్మం దాకానే. ఆయన ఇంటి ముందు శిలువ తగలబెట్టారు, అది నల్లజాతి వ్యతిరేక ముఠాల బెదిరింపు గుర్తు. 1967లో ఆయన తల్లి ఇంటి మీద బాంబు వేశారు. అదృష్టవశాత్తూ ఆమెకేమీ కాలేదు.

ఆయన మీద గట్టి విమర్శ ఒకటుంది: జడ్జి పాలనలోకి దిగాడని. కొట్టిపారేయదగ్గది కాదది. సిగరెట్ పన్ను రాబడి తగ్గిందని బ్రైస్ మానసిక ఆసుపత్రిలో సిబ్బందిని తీసేసినప్పుడు మొదలైన వయట్ కేసులో, నిర్బంధంగా చేర్చిన రోగులకు చికిత్స పొందే రాజ్యాంగ హక్కు ఉందని 1971లో చెప్పారు. ఆపై ఎంత సిబ్బంది, ఎలాంటి వసతులన్నది కూడా నిర్దేశించారు. 1976లో జైళ్లకూ అలాగే కనీస ప్రమాణాలు పెట్టారు. ఇవి మంత్రులు, శాసనసభ్యులు చేయాల్సిన పనులు, నిజమే. కానీ రోగుల, ఖైదీల కోసం ఓట్లు అడిగే నాయకుడు అలబామాలో ఎవరున్నారు? తప్పు జడ్జి జోక్యంలో కాదు, అంతదాకా తెచ్చిన ప్రభుత్వంలో వెతకాలి. వయట్ కేసు చివరికి 2003లో ముగిసింది. అప్పటికి జాన్సన్ చనిపోయి నాలుగేళ్లు దాటింది.