జిడ్డు పెట్టె ఉంటే చాలదు, ఖాళీ చేయాలి

రాత్రి హోటల్ కట్టేసే వేళ వంటగది వెనక సింకు దగ్గర నిలబడి చూస్తే సగం సంగతి అర్థమైపోతుంది. అంట్లు తోమే మనిషి ముందు గిన్నెల గుట్ట. పెద్ద బాణలి అడుగున ఇంకా వెచ్చగా ఉన్న నూనె. పొద్దుటి నుంచి నిలబడి కాళ్లు లాగేస్తున్నాయి, త్వరగా ఇంటికి పోవాలి. వేడినీళ్లు తిప్పి, ఇంత సబ్బు పోసి, బాణలిని సింకులోకి వంచేస్తాడు. నూనె క్షణంలో కనబడకుండా పోతుంది.

కనబడదంతే, ఎక్కడికీ పోదు. వేడి మీద ఉన్నంతసేపు నూనె నీళ్లలాగే పారుతుంది. భూమి లోపలి పైపులో కొంత దూరం పోయేసరికి నీళ్లు చల్లారతాయి, సబ్బు పలచబడి పట్టు వదిలేస్తుంది, జిడ్డు విడిపోయి పైపు గోడకు అంటుకుంటుంది. అక్కడితో ఆగితే గీకి తీసేయొచ్చు. అసలు కష్టం ఆ తర్వాతే. పదే పదే కాచిన నూనెలో, మురుగులో నానిన కొవ్వులో కొవ్వు ఆమ్లాలు విడిపడతాయి. కాంక్రీటు నుంచీ నీళ్ల నుంచీ వచ్చే కాల్షియంతో అవి కలిసి ఒక రకం సబ్బుగా మారతాయి. మనం ఒంటికి రుద్దుకునే సబ్బు నీళ్లలో కరుగుతుంది. ఈ కాల్షియం సబ్బు కరగదు, పైగా రాయిలా బిగుసుకుపోతుంది. పైనుంచి వచ్చే తడి వైప్స్, గుడ్డ పీలికలు దానికి చిక్కుకుని గడ్డ పెరుగుతూనే ఉంటుంది.

2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ ప్రాంతంలో అలాంటి గడ్డ ఒకటి బయటపడింది. పొడవు సుమారు 250 మీటర్లు, బరువు 130 టన్నులు. దాన్ని పగలగొట్టి తీయడానికి వారాలు పట్టింది. ఆ గడ్డలోంచి ఒక ముక్కను మరుసటి ఏడాది లండన్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. ఇది ఒక్క నగరం గోల కాదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2004లో ఆ దేశ కాంగ్రెస్‌కు ఇచ్చిన నివేదిక చూడండి. కారణం తెలిసిన మురుగు పైపుల పూడికల్లో 47 శాతం జిడ్డు వల్లేనని అందులో ఉంది. ఇందులో ఇళ్ల వాటా, పరిశ్రమల వాటా కూడా ఉన్నాయి, కాదనను. కానీ వేల ఇళ్ల సింకులకు కాపలా పెట్టలేం. హోటల్‌కు లైసెన్సు ఉంది, చిరునామా ఉంది, రోజూ నూనె వాడుతుంది. అదుపు అక్కడ మొదలుపెట్టడమే సబబు.

దీనికి విరుగుడు కొత్తగా కనిపెట్టాల్సిన పనేం లేదు. గ్రీజ్ ట్రాప్, అంటే జిడ్డు పెట్టె, పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉంది. సింకు నీళ్లు నేరుగా డ్రైనేజీలోకి పోకుండా ఒక పెట్టెలో కాసేపు నిలుస్తాయి. నూనె తేలికైనది కాబట్టి పైకి తేలుతుంది, మెతుకులూ మడ్డీ అడుగుకు దిగుతాయి, మధ్యలోని నీళ్లు బయటికి పోతాయి. ఇంత తేలికైన ఏర్పాటు ఎందుకు విఫలమవుతోంది? మన నియమాలు ఎక్కువగా పెట్టె పెట్టారా లేదా అనే అడుగుతున్నాయి కానీ, దాన్ని ఎప్పుడు ఖాళీ చేశారని అడగడం లేదు. పైన జిడ్డు, అడుగున మడ్డి కలిసి పెట్టె లోతులో నాలుగో వంతుకు చేరితే ఇక తీయించాలని అమెరికాలోని చాలా నగరాల్లో లెక్క. అది దాటాక నీళ్లు నిలిచే చోటు తగ్గిపోతుంది, జిడ్డు ఆగకుండా జారిపోతుంది. మూత తీయని ట్రాప్ ఉత్త పైపుతో సమానం. కొందరు మూత తీసే బదులు జిడ్డు కరిగించే ద్రావణాలు పోస్తారు. వాటిలో చాలావరకు జిడ్డును తాత్కాలికంగా పలచన చేసి పక్క వీధిలోకి తోసేవే.

తనిఖీకి వచ్చే అధికారి సర్టిఫికెట్ చూసి సంతకం పెట్టి వెళ్లకూడదు. మూత తీయించి, కర్ర ముంచి, ఎంత మందాన పేరుకుందో కొలవాలి. అయిదు నిమిషాల పని.

అందరూ దాటేసే ప్రశ్న ఇంకోటి ఉంది. తీసిన మడ్డి ఎక్కడికి పోతోంది? బాణలిలో మిగిలిన వాడిన నూనెకు కొనేవాళ్లున్నారు, అది బయోడీజిల్‌కు పనికొస్తుంది. ట్రాప్‌లోని మడ్డి అలా కాదు. నీళ్లు, కుళ్లు, వాసన. డబ్బిచ్చి వదిలించుకోవాల్సిన సరుకు. అందుకే మడ్డి తీసుకెళ్లే ట్యాంకర్ చీకట్లో ఏదో మ్యాన్‌హోల్ దగ్గర ఆగే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అప్పుడు హోటల్ ఖర్చూ దండగే, నగరం శ్రమా దండగే. హోటల్, ట్యాంకర్, శుద్ధి కేంద్రం ముగ్గురి సంతకాలూ ఒకే చీటీ మీద ఉండాలన్న నియమం దీన్ని చాలావరకు ఆపుతుంది. ఇంకా ముఖ్యంగా, శుద్ధి కేంద్రం ఈ మడ్డిని చౌకగా తీసుకోవాలి. డైజెస్టర్లలో, అంటే గాలి తగలకుండా కుళ్లబెట్టే తొట్లలో వేస్తే దాని నుంచి మీథేన్ బాగా వస్తుంది, కరెంటు తీయొచ్చు. సక్రమంగా అప్పజెప్పడం కంటే దొంగతనంగా పారబోయడం చౌకగా ఉన్నంతకాలం ఏ జరిమానా పనిచేయదని నా అభిప్రాయం.

చిన్న హోటళ్లకు పెద్ద ట్రాప్ పెట్టే చోటు ఉండదు. వరుసగా ఉన్న నాలుగైదు హోటళ్లకు కలిపి ఒకటి కట్టించి, ఖాళీ చేయించే ఖర్చును వాడకాన్ని బట్టి పంచొచ్చు. చోటు లేకపోయినా ఈ రాత్రి నుంచే చేయగలిగింది ఒకటుంది. గిన్నెను నీళ్ల కింద పెట్టకముందే మిగిలిన నూనెను డబ్బాలోకి వంచి, అంటుకున్న జిడ్డును పాత కాగితంతో తుడిచేయడం. ట్రాప్ మీద భారం చాలా తగ్గుతుంది. అయితే అంట్లు తోమే మనిషికి ఆ తుడిచే సమయాన్ని యజమాని ఇవ్వాలి. గిన్నెల లెక్కన తరుముతూ, గోడకు సూచనల కాగితం అంటిస్తే ఎవరూ తుడవరు.

పైపు పూడితే లోపలికి దిగాల్సి వచ్చేదీ ఒక మనిషే. ఆగిన మురుగులో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పుడుతుంది. కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది, మోతాదు పెరిగితే ముక్కుకు ఆ వాసన కూడా తెలియకుండా పోతుంది. వాసన పోయింది కదా అని ఇంకో మెట్టు దిగినవాడు అక్కడే కూలిపోతాడు.